రాత్రులను లెక్కించిన ఉపసర్గలు: అశోకుని 256, వినయపిటకపు కాలమానం

కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలమీద అశోకుని పదునాలుగు శిలాశాసనాలతో పాటు ఒక చిన్న శిలాశాసనం కూడా ఉన్నది. దానిలో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, కొన్ని కుడినుండి ఎడమకు సాగుతాయి. ఆ పాఠంలో ఒక సంఖ్య చెక్కి ఉన్నది: 256. అదే సంఖ్య కర్ణాటకలోని బ్రహ్మగిరిలోను, మధ్యప్రదేశ్‌లోని రూప్‌నాథ్‌లోను, బీహారులోని సాసారాంలోను ఉన్నది. సంఖ్యను చదవడంలో సందేహం లేదు. అది దేని సంఖ్య అన్నదే ప్రశ్న. సంవత్సరాలా, మనుషులా, రాత్రులా?

ఎర్రగుడి పాఠంలో ఆ సంఖ్య పక్కన కాలప్రమాణాన్ని తెలిపే మాట లేదు. ఉన్నదల్లా ‘వ్యూథేన’ అనే ఒక్క పదం. దానిలో ‘వస్’ ధాతువు ఉన్నది, ఆ ధాతువుకు ముందు ‘వి’ అనే ఉపసర్గ ఉన్నది. ఆ ఒక్క అక్షరానికి చెప్పుకున్న అర్థాన్నిబట్టి బుద్ధుని పరినిర్వాణ సంవత్సరాన్నే నిర్ణయించడానికి పండితులు పూనుకొన్నారు. కాలాన్ని కొలిచే పదాలకు ముందు నిలిచే ఇటువంటి చిన్న అవయవాలను ఎలా చదవాలో తెలిపే ఆధారం మనకు దూరంగా లేదు. అది వినయపిటకంలోనే ఉన్నది. ఆ సంగతిని నిరూపించడమే ఈ వ్యాసోద్దేశం.

ఉపసర్గ స్వభావం

యాస్కుని నిరుక్తంలో ఒక పాత వివాదం కనిపిస్తుంది. ఉపసర్గలకు స్వతంత్రార్థం లేదని, నామంతోనో క్రియతోనో కలిసినప్పుడే అవి అర్థాన్ని ప్రకాశింపజేస్తాయని శాకటాయనుని మతం. వాటికి తమవైన అర్థాలు ఉన్నాయని గార్గ్యుని మతం. సంస్కృత వ్యాకరణ సంప్రదాయం 22 ఉపసర్గలను లెక్కించగా, పాళీ వైయాకరణులు 20 లెక్కించారు. సంఖ్య ఏదైనా, ధాతువు ముందు ఉపసర్గ మారితే అర్థం ఎంత దూరం వెళుతుందో తెలుగువారికి వేరే ఉదాహరణ అక్కరలేదు. ఆవాసం, నివాసం, ప్రవాసం, ఉపవాసం, వీటన్నిటిలోను ఉన్నది ఒకే ‘వస్’ ధాతువు. ఇల్లు, ఇంటికి దూరంగా ఉండటం, అన్నం మానడం అనే మూడు వేరువేరు భావాలు ఆ ఒక్క ధాతువునుండి మనకు వచ్చాయి.

కాలమానంలో పనిచేసే పూర్వావయవాలన్నీ వ్యాకరణరీత్యా ఉపసర్గలు కావు. అర్ధ, పూర్వ, అపర, అతిరేక వంటివి సమాసంలో పూర్వపదాలు. అయితే పాఠకుని దృష్టిలో వాటి పని ఒక్కటే. దినం, రాత్రి, పక్షం, మాసం, వర్షం అనే ప్రమాణాలకు ముందు నిలిచి, ఆ ప్రమాణంలో ఎంత భాగమో, ఎటువైపో, ఎన్నిసార్లో అవి చెబుతాయి. అందువల్ల ఈ వ్యాసంలో రెండు తెగలనూ కలిపే పరిశీలిస్తున్నాము.

‘అడ్ఢ’ చేసిన మాయ

256 దగ్గరకు వెళ్ళేముందు అదే శాసనం ప్రారంభంలోని మరొక కాలవాచకాన్ని చూడాలి. అశోకుడు తాను ఉపాసకుడై ఎంతకాలమైనదో చెబుతూ ‘అఢాతియ’ అనే పదాన్ని వాడాడు. పాళీలో దీని రూపం ‘అడ్ఢతియ’, సంస్కృతంలో ‘అర్ధతృతీయ’. మాటకు మాట పెట్టుకుంటే ‘సగం మూడవది’. మూడవదానిలో సగమే నిండినది, అంటే రెండున్నర.

తెలుగు లెక్క ఇందుకు భిన్నమైనది. మనం నిండిన సంఖ్యను ముందు చెప్పి సగాన్ని వెనుక చేరుస్తాము: రెండు, ఆపైన అర. ప్రాకృతం రాబోయే సంఖ్యను చెప్పి దానిలో సగాన్ని తగ్గిస్తుంది. హిందీలోని ‘ఢాయీ’, హైదరాబాదు దక్కనీలో నేటికీ వినిపించే ‘ఢాయి’ ఈ ‘అడ్ఢతియ’ సంతానమే. ఒకటిన్నరకు ‘దియఢ’ అన్నారు. అదే నేటి ‘డేఢ్’. కళింగ యుద్ధంలో బందీలై తరలిపోయినవారి సంఖ్యను పదమూడవ శిలాశాసనం ‘దియఢ’ శతసహస్రాలని చెబుతుంది, అంటే లక్షా యాభైవేలు. సామఞ్ఞఫలసుత్తంలో బుద్ధునితో ఉన్న భిక్షువులు ‘అడ్ఢతేళస’ శతాలు. పదమూడవ వందలో సగం, అంటే 1250 మంది. ఈ పూర్వపదపు పద్ధతి తెలియని అనువాదకుడు పదమూడు వందలలో సగమని 650 వ్రాయవచ్చు, పదమూడు వందలకు సగం చేర్చి 1350 వ్రాయవచ్చు. రెండూ తప్పే.

ఈ పొరపాటు నిజంగానే జరిగింది. 1877లో జార్జ్ బ్యూలర్ రూప్‌నాథ్, సాసారాం, బైరాట్ శాసనాలను ప్రకటించినప్పుడు ఈ పదంలో రెండున్నర కాక ముప్పది రెండున్నర సంవత్సరాలను చూశాడు. అప్పటికి అందిన అచ్చులు అరిగిపోయిన రాళ్ళనుండి తీసినవి. ఆ పఠనం ప్రకారం ఈ శాసనం అశోకుని వార్ధక్యానికి, ఆయన రాజ్యపు చివరి రోజులకు చెందుతుంది. తరువాత ఎమిలీ సెనార్ చేసిన పరిశీలనతోను, 1892లో బి.ఎల్. రైస్ వెలికితీసిన బ్రహ్మగిరి సమూహపు శాసనాలతోను రెండున్నర అన్న అర్థమే స్థిరపడింది.

తేడా ముప్పై ఏండ్లు. కళింగ యుద్ధం అభిషేకమై ఎనిమిదేండ్లు నిండిన తరువాత జరిగింది. పదేండ్లు నిండినప్పుడు అశోకుడు సంబోధికి వెళ్ళినట్టు ఎనిమిదవ శిలాశాసనం చెబుతుంది. పన్నెండేండ్లు నిండిన తరువాత ధర్మలిపులు వ్రాయించినట్టు ఆరవ స్తంభశాసనం చెబుతుంది. రెండున్నర ఏండ్ల ఉపాసకత్వాన్ని చెప్పే ఎర్రగుడి చిన్న శాసనం ఈ వరుసలో ప్రారంభానికి చేరుతుంది. అంటే ఇది ధర్మప్రయాణాన్ని ముగిస్తున్న వృద్ధరాజు మాట కాదు, దానిని అప్పుడప్పుడే మొదలుపెట్టినవాని మాట. ఒక సంవత్సరం గట్టిగా శ్రమించలేదని, సంఘాన్ని చేరిన తరువాత సంవత్సరానికి పైగా గట్టిగా శ్రమించానని ఆయన ఒప్పుకొంటున్నాడు. ఈ మాటలకు ముప్పై రెండేండ్ల ఉపాసకుని నోట ఒక అర్థం, రెండున్నరేండ్ల ఉపాసకుని నోట మరొక అర్థం వస్తుంది.

‘సంవత్సరానికి పైగా’ అన్నచోట ఉన్న పదం ‘సాతిరేక’. ‘స’, ‘అతి’, ‘రేక’ అనే మూడు ముక్కల కూడిక ఇది. ‘మిగులుతో కూడిన’ అని అర్థం. వినయపిటకం చదివినవారికి ఈ ‘అతిరేక’ కొత్తది కాదు. అనుమతికి మించిన వస్త్రం ‘అతిరేకచీవరం’. దానిని పదిరోజులకు మించి ఉంచుకొనరాదు. రాజు తన శ్రమకాలానికి, సంఘం తన వస్త్రనియమానికి ఒకే పదాన్ని వాడుకొన్నాయి.

256: ఒక ఉపసర్గ చరిత్ర

ఇప్పుడు ‘వ్యూథ’ దగ్గరకు వద్దాము. సాసారాం పాఠంలో దీని రూపం ‘వివుథ’. ‘వి’ అంటే విడివడి, దూరంగా. ‘వస్’ అంటే ఉండటం. విడివడి ఉన్నవాడెవడు? బ్యూలర్ దీనిని లోకాన్ని విడిచి వెళ్ళినవాడని, అంటే బుద్ధుడని అర్థం చేసుకొన్నాడు. అప్పుడు 256 అనేది శాస్త పరినిర్వాణం నాటినుండి గడచిన సంవత్సరాల లెక్క అయింది.

ఈ వ్యాఖ్యానానికి బలమైన ఆకర్షణ ఉన్నది. సింహళ వంశకథల ప్రకారం పరినిర్వాణం తరువాత 218 ఏండ్లకు అశోకుని అభిషేకం. ఆయన రాజ్యకాలం 37 ఏండ్లు. రెండూ కలిపితే 255. శాసనంలోని 256 దానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నది. శాసనం రాజ్యపు చివరి కాలానిదని ‘ముప్పది రెండున్నర’ చెప్పనే చెప్పింది. ఈ విధంగా రెండు తప్పు పఠనాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకొన్నాయి. అర్ధతృతీయం సరిగా తెలిసిన వెంటనే ఈ కట్టడం కదలిపోయింది. అభిషేకం తరువాత పదకొండు, పన్నెండేండ్లకు చెందిన శాసనమైతే సింహళ గణన ప్రకారమే అది పరినిర్వాణాబ్దం 230 దాపున ఉండాలి, 256 కుదరదు.

అయినా వివాదం వెంటనే తీరలేదు. సెనార్ ఈ సంఖ్యను ధర్మప్రచారానికి బయలుదేరిన దూతల సంఖ్యగా భావించాడు. జె.ఎఫ్. ఫ్లీట్ అది రాత్రుల లెక్కేనని అంగీకరించాడు కానీ, పరినిర్వాణం తరువాతి 256 సంవత్సరాలకు సంవత్సరానికొక రాత్రి చొప్పున రాజు సువర్ణగిరిలో ఏకాంతవాసం చేశాడని ఊహించాడు. పలువురు పండితులు సువర్ణగిరిని ఎర్రగుడి దాపులోని జొన్నగిరిగా గుర్తించడం వల్ల ఈ ఊహలో మన ప్రాంతానికీ ఒక పాత్ర దక్కింది.

ముడిని విప్పినది సాసారాం రాయి. అక్కడ సంఖ్యను అక్షరాలలో వ్రాసిన చోట ‘లాతి’ అనే పదం ఉన్నది. తూర్పు ప్రాకృతంలో రేఫకు బదులు లకారం వస్తుంది. ‘రాజా’ అక్కడ ‘లాజా’. కాబట్టి ‘లాతి’ అంటే రాత్రి. ఈ సంగతిని ఎఫ్.డబ్ల్యు. థామస్ 1910లో స్పష్టంగా నిరూపించాడు. 256 రాత్రులు ఇల్లు విడిచి, పర్యటనలో గడిపిన కాలమని ఆయన నిర్ణయం. 1925లో హుల్ట్ష్ వెలువరించిన అశోక శాసన సంపుటం ఆ అర్థాన్నే స్వీకరించింది. 256 రాత్రులంటే చాంద్రమానంలో ఎనిమిది నెలల ఇరవై రోజుల వరకు. శాసనం చెప్పే ‘సంవత్సరానికి పైగా’ శ్రమించిన కాలంలో ఆ పర్యటన చక్కగా ఇముడుతుంది.

1961లో ఉత్తరప్రదేశ్‌లోని అహ్రౌరాలో దొరికిన మరొక ప్రతి ఈ చర్చను మళ్ళీ రేపింది. దాని చివర బుద్ధుని శరీరధాతువుల ప్రస్తావన ఉండటంతో ఎ.కె. నారాయణ్ 256ను తిరిగి బుద్ధాబ్ద గణనతో ముడిపెట్టాడు. అయితే ఆ ప్రతిలోనూ ‘వివుథ’తో పాటు ‘లాతి’ ఉన్నది. రాత్రిని సంవత్సరంగా మార్చాలంటే ఆ పదాన్ని దాటి వెళ్ళాలి.

అర్థశాస్త్రం వెలుగులోకి వచ్చిన తరువాత మరొక కోణం చేరింది. కౌటిల్యుడు రాజవర్షం, మాసం, పక్షం, దివసం అనే నాలుగింటినీ కలిపి ‘వ్యుష్టం’ అన్నాడు. అంటే లెక్కల పుస్తకంలో వేసే తేదీ. ఈ ‘వ్యుష్ట’లోని ధాతువు నివసించడాన్ని చెప్పే ‘వస్’ కాదు. వెలుగొందడాన్ని చెప్పే మరొక ‘వస్’. ‘తెల్లవారినది’ అని దాని అసలు అర్థం. రెండు ధాతువులు వేరైనా ‘వి’ చేరినప్పుడు రెండూ ఒకే గడపదగ్గర నిలుస్తాయి. ఒకటి గడిపిన రాత్రిని చెబుతుంది, రెండవది ఆ రాత్రి తెల్లవారిన క్షణాన్ని చెబుతుంది.

వినయంలో ‘వస్’ కుటుంబం

‘వివుథ’ రాత్రుల లెక్క అయి తీరాలని చెప్పడానికి ‘లాతి’ ఒక్కటే ఆధారం కాదు. వినయపిటకంలో ‘వస్’ ధాతువుకు ఉపసర్గ చేరిన పారిభాషిక పదాలను వరుసగా పరిశీలిస్తే వాటి కొలత రాత్రికి గాని, రాత్రి ముగిసే అరుణోదయానికి గాని మాటిమాటికి చేరుతుంది.

మొదటిది ‘విప్పవాసం’. ‘వి’, ‘ప్ర’ అనే రెండు ఉపసర్గలు చేరిన ‘వాసం’ ఇది. మనం ప్రవాసాంధ్రులు అన్నప్పుడు వాడే ‘ప్రవాసం’ ముందు మరొక ‘వి’ చేరినదన్నమాట. భిక్షువు తన మూడు చీవరాలకు దూరంగా ఒక్క రాత్రి ఉన్నా నిస్సగ్గియ పాచిత్తియ ఆపత్తి కలుగుతుంది. ఆ రాత్రి పూర్తయినట్టు ఎప్పుడు లెక్క? అరుణోదయంతో. ప్రమాదముందని తలచే అరణ్యావాసాలలో ఉండే భిక్షువు ఒక చీవరాన్ని గ్రామంలో ఉంచి, కారణముంటే ఆరు రాత్రులవరకు దానికి దూరంగా ఉండవచ్చు. ఇక్కడ ‘వి’ దూరాన్ని చెబుతుంది, రాత్రి దానిని కొలుస్తుంది. అశోకుని ‘వివుథ’కు ఇంతకంటె దగ్గరి చుట్టం లేదు.

రెండవది ‘పరివాసం’. ‘పరి’ అంటే చుట్టూ. సంఘాదిసేస ఆపత్తిని దాచిపెట్టిన భిక్షువు ఎన్ని రోజులు దాచాడో అన్ని రోజులు పరివాసం గడపాలి. ఆపైన ఆరు రాత్రులు ‘మానత్తం’. పరివాసంలో ఉన్నవాని లెక్క తెగిపోవడాన్ని ‘రత్తిచ్ఛేదం’ అన్నారు, అంటే రాత్రి తెగిపోవడం. అందుకు కారణాలు మూడు: సహవాసం, విప్పవాసం, తన స్థితిని తెలుపకపోవడం. మొదటి రెండు కారణాలూ ‘వస్’ ధాతువునుండే వచ్చాయి. ‘సహ’ అన్నా రాత్రి తెగుతుంది, ‘వి’ అన్నా తెగుతుంది. అనుమతించిన దూరంలో, అనుమతించిన తీరులో ఉన్న రాత్రే లెక్కకు వస్తుంది. ధాతువు ఒకటే అయినా ఏ ఉపసర్గతో ఉన్నామన్నదే ఆ భిక్షువు శుద్ధికాలాన్ని నిర్ణయిస్తున్నది.

మూడవది ‘ఉపోసథం’. ఇది వైదికమైన ‘ఉపవసథం’ నుండి వచ్చినది. యజ్ఞానికి ముందురోజు యజమాని అగ్నికి సమీపంలో గడిపే వాసమది. ‘ఉప’ అంటే సమీపం. తెలుగులో ఉపవాసమనగానే ఆహారం మానడమే స్ఫురిస్తుంది. ధాత్వర్థంలో ఆకలి లేదు, సామీప్యమే ఉన్నది. మగధరాజు బింబిసారుని సూచనమీద సంఘం చతుర్దశి, పంచదశి, అష్టమి రోజులలో సమావేశమయ్యే ఆచారం ఏర్పడినట్టు మహావగ్గం చెబుతుంది. ‘ఉపాసక’ శబ్దంలోను, అశోకుడు సంఘాన్ని చేరానని చెప్పిన ‘ఉపయీత’ శబ్దంలోను ఉన్నది ఈ ‘ఉప’యే. ఎర్రగుడి శాసనంలో ‘ఉప’ సంఘానికి దగ్గర కావడాన్ని, ‘వి’ ఇంటికి దూరం కావడాన్ని చెబుతున్నాయి. ఒకే ధర్మశ్రమకు ఈ రెండూ రెండు ముఖాలు.

రాత్రితో వాసాన్ని లెక్కించే పద్ధతి తెలుగువారి వాడుకలోనూ ఉన్నది. పుణ్యక్షేత్రంలో ‘నిద్ర చేయడం’, పెండ్లి తరువాత ‘మూడు నిద్రలు’ అనే మాటల్లో గడిపిన రోజులను కాక గడిపిన రాత్రులనే లెక్కపెడుతున్నాము. పగలంతా ఉండి చీకటిపడే వేళకు వెళ్ళిపోయినవాడు అక్కడ ‘ఉన్నట్టు’ కాదు.

ఒక ఉపసర్గ ఎల్లవేళలా ఒకే పని చేస్తుందని మాత్రం అనుకోరాదు. ‘వికాల’ శబ్దంలోని ‘వి’ దూరాన్ని చెప్పదు. తగని కాలాన్ని చెబుతుంది. వినయం దానికి హద్దులు గీసింది: మధ్యాహ్నం దాటినది మొదలు అరుణోదయం వరకు. తెలుగులో ‘అకాల భోజనం’ అంటే వేళతప్పి తినడమని మాత్రమే తోస్తుంది. వికాలం అలా కాదు. దానికి ఆరంభం ఉన్నది, అంతం ఉన్నది. అష్టశీలాలను తెలుగులో బోధించే భిక్షువులు ఈ తేడాను చెప్పక తప్పదు. భోజ్యాల విభాగంలో ‘యావ’ అనే అవ్యయం కూడా ఇటువంటి గీతే. మధ్యాహ్నం వరకు చెల్లేది ‘యావకాలికం’, బ్రతికినంతకాలం చెల్లేది ‘యావజీవికం’. వాటి మధ్య యామకాలికం, సత్తాహకాలికం ఉన్నాయి.

‘అను’: ప్రతిసారీ అని చెప్పే ఉపసర్గ

రాజశాసనానికీ వినయానికీ ఉమ్మడిగా ఉన్న మరొక కాలోపసర్గ ‘అను’. సాధారణంగా ‘వెంట’ అనే అర్థమిచ్చే ఇది కాలవాచకం ముందు ‘ప్రతి’ అనే అర్థాన్ని పొందుతుంది. ‘అన్వద్ధమాసం’ అంటే ప్రతి అర్ధమాసం. పాతిమోక్ఖ పఠనానికీ, భిక్షుణులు సంఘంనుండి ఉపోసథ దినాన్ని తెలుసుకొని ఉపదేశం కోరడానికీ వాడిన గడువు ఇదే.

సారనాథ్ స్తంభశాసనంలో అశోకుడు ‘అనుపోసథం’ అన్నాడు. సంఘభేదాన్ని నిషేధించే ఆ ఆజ్ఞను ఉపాసకులు ప్రతి ఉపోసథానికీ వచ్చి మననం చేసుకోవాలి. మహామాత్రులూ ప్రతి ఉపోసథానికీ రావాలి. ధౌలిలోని రెండవ ప్రత్యేక శాసనం తనను ‘అనుచాతుంమాసం’, అంటే ప్రతి నాలుగు నెలలకూ తిష్యానక్షత్రాన చదివి వినిపించాలని కోరుతుంది. ఆ మధ్యకాలానికి ‘అంతలా’ అనే పదాన్ని వాడింది. అది ‘అంతరా’కు తూర్పు రూపం. ఈ ప్రత్యేక శాసనాలు 1989లో కర్ణాటకలోని సన్నతిలో కూడా దొరికాయి.

సంవత్సరాన్ని మూడు నాలుగు మాసాల ఋతువులుగా విభజించి, పక్షాలతో కొలిచే సంఘపు లెక్కనే రాజు తన పరిపాలనకు అనువుగా తీసుకొన్నాడని ఈ పదాలు తెలుపుతున్నాయి. మరోవైపు సంఘం కూడా రాజు లెక్కను మన్నించింది. బింబిసారుడు వర్షావాసాన్ని వాయిదా వేయాలని కోరినప్పుడు, ఈ విషయంలో రాజులను అనుసరించడానికి బుద్ధుడు అనుమతించినట్టు మహావగ్గంలో ఉన్నది. అక్కడి ‘అనువత్తన’లోనూ ‘అను’ ఉన్నది. అయితే దాని పని ‘వెంట’ నడవడం. కాలవాచకం ముందా, క్రియ ముందా అన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

నాగార్జునకొండ తేదీలు

ఈ పక్షగణన మన నేలమీద అయిదు శతాబ్దాల తరువాత కూడా సజీవంగా ఉన్నది. నాగార్జునకొండ మహాచైత్యపు ఆయకస్తంభాల మీది దానశాసనాలు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఆరవ రాజ్యవర్షానికి చెందినవి. ఆ తేదీలో నెల పేరు లేదు. ‘వా’, ‘ప’ అనే సంక్షేపాక్షరాలతో వర్షఋతువులో ఆరవ పక్షం, పదవ దినం అని ఉన్నది.

ఆషాఢ పూర్ణిమ మరుసటి రోజు ఋతువు మొదలవుతుందని తీసుకొంటే ఆరవ పక్షం ఆశ్వయుజ శుక్లపక్షం అవుతుంది. వినయంలో వర్షావాసానికి రెండు ప్రవేశాలు ఉన్నాయి. ఆషాఢ పూర్ణిమ మరునాడు ప్రవేశిస్తే ‘పురిమికా’, నెల గడచిన తరువాత ప్రవేశిస్తే ‘పచ్ఛిమికా’. పురిమ, పచ్ఛిమ అనేవి ముందు, వెనుక అని చెప్పే శబ్దాలు. ముందు ప్రవేశించినవారికి మూడునెలల వాసం ఆశ్వయుజ పూర్ణిమతో ముగుస్తుంది, ఆనాడే పవారణ. ఆ లెక్కన మహాచైత్యపు తేదీ పవారణకు అయిదురోజుల ముందుది. వానకాలమంతా ఒకచోట నిలిచిన సంఘం ఇక కొద్దిరోజులలో బయలుదేరుతుందనగా, విజయపురిలో ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీల దానాలు శిలమీద నిలిచాయి. ‘వా ప 6’ అన్న మూడు గుర్తులను అంకెలుగా మాత్రమే నమోదుచేసుకొంటే ఈ సంబంధం మన కంటబడదు.

అనువాదకులకు, పరిశోధకులకు

పై పరిశీలననుండి మూడు సూచనలు చేయవచ్చు. ఒకటి, శాసనంలోగాని సుత్తంలోగాని కాలవాచకం కనిపించినప్పుడు సంఖ్యను, ప్రమాణాన్ని, పూర్వావయవాన్ని మూడింటినీ వేరుచేసి నమోదు చేసుకోవాలి. ‘అడ్ఢ’ ఉన్నచోట తెలుగు ‘అర’ను యాంత్రికంగా చేర్చరాదు. రెండు, అభిషేక సంవత్సరాలను అనువదించేటప్పుడు ‘ఎనిమిదవ ఏట’ అనడానికీ ‘ఎనిమిదేండ్లు నిండిన తరువాత’ అనడానికీ ఉన్న భేదాన్ని పాటించాలి. అశోకుడు చెప్పినది ఇంత కాలంగా అభిషిక్తుడనని. అది గడచిన సంవత్సరాల లెక్క. మూడు, తత్సమంగా తెలుగులో స్థిరపడిన పదాన్ని దాని నేటి అర్థంతోనే పాళీ పదానికి పర్యాయంగా పెట్టరాదు. ఉపోసథానికి ఉపవాసం, వికాలానికి అకాలం, పరివాసానికి శిక్ష అని వ్రాస్తే మాట అందుతుంది కానీ దానిలోని కొలత జారిపోతుంది.

ఈ పనిలో శాసన పరిశోధకునికి భిక్షువు సహాయం అవసరం. ఒక రాత్రి ఎప్పుడు నిండుతుందో, ఏ కారణాన తెగుతుందో పుస్తకంలో చదివినవాడు పరిశోధకుడు. ఆ లెక్కతో జీవించేవాడు భిక్షువు. థామస్ నిర్ణయానికి సాసారాంలోని ఒక పదం ఆధారమైంది. దానికి విప్పవాస, పరివాస నియమాల సాక్ష్యాన్ని కూడా జోడించి చదివితే, 256 రాత్రులు ఇల్లు విడిచి తిరిగిన రాజు తన కాలాన్ని తాను అప్పుడే చేరువైన సంఘపు భాషలోనే లెక్కపెట్టుకొన్నాడని అర్థమవుతుంది. బుద్ధుని పరినిర్వాణ కాలాన్ని నిర్ణయించడానికి వేరే ఆధారాలు ఉన్నాయి. వాటి బలాబలాలు వేరుగా చర్చించవలసినవి. ఎర్రగుడి బండ మీది 256ను మాత్రం ఆ చర్చలోకి సాక్షిగా పిలవకపోవడమే ఉచితం.